క్రూజ్ ఓడలోకి సొంత మందు తీసుకెళ్లొచ్చా? దాస్తే ఏమవుతుంది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో రాస్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా తెలియాలి కాబట్టి. డాలస్ నుంచి నాలుగు కుటుంబాలు, ఎనిమిది మంది పెద్దవాళ్లు, పిల్లలు కలిసి థాంక్స్‌గివింగ్ సెలవుల్లో టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి ఐదు రాత్రుల క్రూజ్‌కి వెళ్తున్నారు. ఓడలో మందు మరీ ఖరీదని విన్నారు. విస్కీని మౌత్‌వాష్ సీసాల్లో, వోడ్కాను మంచినీళ్ల సీసాల్లో పోసుకుని పట్టుకెళ్దామని మీ బావగారు అంటున్నారు. దొరికితే ఏమవుతుంది, హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఇబ్బంది వస్తుందా, అందరూ చేసేదే కదా, అంత టెన్షన్ పడాలా అని అడిగారు.

నేను చాలా ఏళ్లు క్రూజ్ ఓడల్లో బార్ విభాగంలో పనిచేశాను. ఇప్పుడు హ్యూస్టన్‌లో ఉంటూ మనవాళ్లకు క్రూజ్ బుకింగ్‌లు చేసిపెడుతున్నాను. కౌంటర్‌కి అటువైపూ ఇటువైపూ నిలబడినవాణ్ని కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. దాచి తీసుకెళ్లకండి. దాచినవాళ్లంతా దొరికిపోతారని చెప్పను, చాలామంది దొరకరు. కానీ పిల్లలున్న గదిలో మంచినీళ్లలా కనిపించే వోడ్కా ఉండటం, ఎవరు ఎంత తాగారో ఓడలో ఏ ఒక్కరికీ తెలియకపోవడం, ఈ రెండూ నన్ను నిజంగా భయపెట్టే విషయాలు. పైగా మీ నాలుగు కుటుంబాలకు దాచాల్సిన అవసరం కూడా లేదు. ఎలాగో లెక్కతో సహా కింద రాశాను.

ముందు మీ ఓడ ఏ కంపెనీదో చూసుకోండి. గాల్వెస్టన్ నుంచి ఎక్కువగా నడిచేవి కార్నివాల్, రాయల్ కరీబియన్ ఓడలు. ఈ రెండింటిలోనూ 21 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరూ ఎక్కే రోజున 750 మిల్లీలీటర్ల వైన్ గానీ షాంపేన్ గానీ ఒక సీసా తీసుకెళ్లొచ్చు. మూత తీయనిది అయి ఉండాలి. మీ చేతి సంచిలో ఉండాలి, బయట పోర్టర్‌కి అప్పగించే సూట్‌కేసులో పెట్టకూడదు. గదిలోనే తాగితే డబ్బులేమీ అడగరు. డైనింగ్ హాల్‌కో బార్‌కో పట్టుకెళ్తే సీసాకు 15 డాలర్లు కార్కేజ్ (సొంత సీసా తెచ్చుకున్నందుకు వేసే రుసుము) కట్టాలి. విస్కీ, రమ్, వోడ్కా, బీరు మాత్రం ఈ రెండు కంపెనీల్లోనూ బయటి నుంచి ఒక్క చుక్క కూడా ఒప్పుకోరు.

వేరే కంపెనీల పద్ధతులు వేరు. నార్వీజియన్ ఓడల్లో వైన్ సీసాలు ఎన్నైనా తేవచ్చు, కానీ 750 మిల్లీలీటర్ల సీసాకు 15 డాలర్లు, దానికి రెట్టింపు సీసాకు 30 డాలర్లు కట్టాలి. డిస్నీ కాస్త ఉదారంగా ఉంటుంది. పెద్దవాళ్లు ఒక్కొక్కరు రెండు వైన్ సీసాలు గానీ ఆరు బీర్లు గానీ తేవచ్చు, ఎక్కే రోజే కాకుండా దారిలో ఆగే ప్రతి రేవులోనూ. వైకింగ్ అయితే ఏ మందైనా తెచ్చుకోమంటుంది, కార్కేజ్ కూడా అడగదు. కానీ వైకింగ్ ఓడల్లో 18 ఏళ్లలోపు వాళ్లను ఎక్కించుకోరు, పైగా టికెట్ ధర చూస్తే ఆ ఉదారత ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. ఈ నియమాలు అప్పుడప్పుడు మారుతుంటాయి. టికెట్‌తో పాటు ఇచ్చే కాంట్రాక్ట్‌లో మీరు వెళ్లే తేదీకి ఏముందో ఒకసారి చదవండి. పెద్దగా ఉంటుంది గానీ ఆల్కహాల్ అని వెతికితే రెండు నిమిషాల పని.

ఈ నియమం ఎందుకు పెట్టారంటే మొదటి కారణం డబ్బే. అది ఒప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. టికెట్ చౌకగా ఇచ్చి లోపల సంపాదించుకోవడం ఈ వ్యాపారం నడిచే తీరు. పెద్ద క్రూజ్ కంపెనీల వార్షిక లెక్కలు తీసి చూస్తే ఆదాయంలో దాదాపు మూడో వంతు టికెట్ల నుంచి కాకుండా ఓడ మీద పెట్టే ఖర్చుల నుంచి, ఇతరత్రా వస్తుంది. బార్, క్యాసినో, స్పా, విహార యాత్రలు, అన్నీ అందులోనే. మందు మీద లాభం లేకపోతే మీ ఐదు రాత్రుల టికెట్ ఆ ధరకు రాదు. తాగనివాళ్ల టికెట్‌ను కూడా తాగేవాళ్లే కొంత మోస్తున్నారన్నమాట. ఇది న్యాయమా అని అడిగితే ఒకరొకరు ఒకలా చెప్తారు. నా మటుకు నాకు, ఎక్కేముందే రాసి ఇచ్చిన నియమం కాబట్టి నచ్చకపోతే నచ్చిన కంపెనీ ఎంచుకునే వీలుంది.

డబ్బు ఒక్కటే కారణం అనుకుంటే మాత్రం సగమే అర్థమైనట్టు. ఓడ బార్‌లో ప్రతి గ్లాసూ మీ గది కార్డు మీద నమోదవుతుంది. కార్నివాల్ డ్రింక్స్ ప్యాకేజీలో, అంటే రోజుకింత అని ముందే కట్టేసి తాగే పద్ధతిలో, 24 గంటలకు 15 గ్లాసులు దాటితే ఆ కార్డుకు ఇంక మందు పోయరు. ప్యాకేజీ లేకపోయినా బార్టెండర్‌కి శిక్షణ ఉంటుంది: మనిషి మాట తడబడుతుంటే వేగం తగ్గించాలి, నీళ్లివ్వాలి, ఏదైనా తినమనాలి, చివరికి ఆపేయాలి. మేం మనిషిని చూసి, కార్డు చూసి, రెండూ కలిపి అంచనా వేస్తాం. గదిలో దాచిన విస్కీ నాలుగు పెగ్గులు వేసుకుని రాత్రి పదకొండింటికి బార్‌కి వచ్చే మనిషి కార్డు మీద ఒక్క గ్లాసు కూడా ఉండదు. పలకరింపు బాగానే ఉంటుంది. బార్టెండర్ అదే మొదటి గ్లాసు అనుకుని పోస్తాడు. నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం ఎక్కువ ఇబ్బంది పడింది ఇలాంటివాళ్లతోనే. బార్‌లో కూర్చుని గట్టిగా తాగేవాడితో అంత కష్టం ఉండేది కాదు, అతను మా కళ్ల ముందే ఉంటాడు కాబట్టి.

సముద్రం మధ్యలో 108 రాదు, 911 రాదు. ఓడలో చిన్న వైద్యశాల, డాక్టర్, నర్సులు ఉంటారు, మంచిగానే చూస్తారు. కానీ పరిస్థితి విషమిస్తే హెలికాప్టర్ రావాలి, లేదా ఓడ దారి మళ్లించాలి. ఓడ వైద్యశాల బిల్లు నేరుగా మీ గది ఖాతాలో పడుతుంది. అమెరికాలో మన ఆఫీసు ఇన్సూరెన్స్ చాలావరకు ఓడ మీద పనిచేయదు. విడిగా ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకున్నా, తాగిన మైకంలో జరిగినదానికి చెల్లించబోమనే షరతు చాలా పాలసీల్లో రాసి ఉంటుంది. బాల్కనీ గది తీసుకున్నవాళ్లు ఇది ఇంకాస్త జాగ్రత్తగా వినాలి. 2010లో అమెరికాలో వచ్చిన క్రూజ్ నౌకల భద్రతా చట్టం ప్రకారం రెయిలింగ్ కనీసం 42 అంగుళాల ఎత్తు ఉండాలి. మామూలుగా నిలబడ్డ మనిషి దాని మీదుగా పడడు. ఎక్కి కూర్చున్నవాడు, పక్క బాల్కనీలోకి తొంగి చూద్దామని కుర్చీ వేసుకున్నవాడు పడతాడు. ఆ పని తాగని మనిషి చేయడం చాలా అరుదు.

ఇప్పుడు మీ బావగారి ప్లాన్ సంగతి. మౌత్‌వాష్ సీసాలో రంగు కలిపి పోయడం, నీళ్ల సీసాకు కొత్త సీలు వేయడం, సన్‌స్క్రీన్ ట్యూబ్‌లా కనిపించే డబ్బాలు, రమ్ రన్నర్ అనే పేరుతో అమ్మే ప్లాస్టిక్ సంచులు, గొడుగు పిడిలో దాచే ఫ్లాస్కులు, ఇవన్నీ ఇరవై ఏళ్ల పాతవి కాకపోయినా పాతవే. మీకు ఆన్‌లైన్‌లో కనిపించే ప్రకటన టెర్మినల్‌లో ఎక్స్‌రే ముందు కూర్చునేవాళ్లకూ కనిపిస్తుంది. ద్రవం ఎక్స్‌రేలో స్పష్టంగా తెలుస్తుంది, ఏ డబ్బాలో ఉన్నా. ఐదు రాత్రుల ప్రయాణానికి ఒక సూట్‌కేసులో మూడు పెద్ద మౌత్‌వాష్ సీసాలు ఉంటే ఎవరైనా ఆగి చూస్తారు. పైగా రాయల్ కరీబియన్ నియమాల్లోనే నీళ్ల సీసాలు, సోడా సీసాలు, మౌత్‌వాష్, సామాను తెరిచి చూసే హక్కు తమకుందని పేర్లు పెట్టి రాశారు. అంటే మీ బావగారి ఉపాయం ఆ కంపెనీ కాగితాల్లో ముందే ఉంది.

ఈ నీళ్ల సీసాల మోసం వల్ల అందరికీ ఒక నష్టం కూడా జరిగింది. 2015 జూలై నుంచి కార్నివాల్ బయటి నుంచి సీసాల్లో ఏ పానీయమూ తేవద్దంది, మామూలు మంచినీళ్లతో సహా. డబ్బాల్లోనో అట్టపెట్టెల్లోనో ఉన్న పానీయాలు మనిషికి పన్నెండు వరకు, అదీ చేతి సంచిలోనే తేవాలి. మందుకు ఏ సంబంధమూ లేని కుటుంబాలు ఇవాళ ఒక నీళ్ల కేసు పట్టుకెళ్లలేకపోవడానికి ప్రధాన కారణం నీళ్ల సీసాల్లో వోడ్కా పోసుకెళ్లినవాళ్లే.

దొరికితే జరిగేది సాధారణంగా ఇది. సాయంత్రం అందరి సూట్‌కేసులూ గది గుమ్మం ముందుకు వచ్చేస్తాయి, మీది రాదు. కాసేపటికి ఒక కాగితమో ఫోనో వస్తుంది, ఫలానా డెక్‌కి వచ్చి సామాను తీసుకెళ్లండని. క్రూజ్‌లకు అలవాటుపడ్డవాళ్లు ఆ గదిని నాటీ రూమ్ అంటారు. అక్కడ లైన్‌లో నిలబడాలి. ఇస్త్రీపెట్టె తెచ్చినవాళ్లు, కొవ్వొత్తులు తెచ్చినవాళ్లు, మందు తెచ్చినవాళ్లు అందరూ అక్కడే ఉంటారు. మీ ఎదుటే పెట్టె తెరిపించి మందు తీసేస్తారు. కొన్ని కంపెనీలు పారబోస్తాయి, కొన్ని చివరి రోజున తిరిగి ఇస్తాయి. కార్నివాల్ పారబోసి డబ్బు కూడా ఇవ్వనని ముందే చెప్తుంది. అంతకుమించి పెద్ద శిక్ష చాలాసార్లు ఉండదు. అయితే దాచడానికి ప్రయత్నించినవాళ్లను ఎక్కనివ్వకపోవచ్చు, దారిలో దింపేయొచ్చు, ఆ ఖర్చు మీదే అని రాయల్ కరీబియన్ నియమాల్లో రాసి ఉంది. ఒక్క సీసా కోసం ఆ పని చేయడం నేను పెద్దగా చూడలేదు. దానితో పాటు గొడవ చేసినా, 21 ఏళ్లలోపు పిల్లలకు తాగించినా మాత్రం ఊరుకోరు.

ఈ రెండో మాట మన కుటుంబాలకు ముఖ్యం. కాలేజీలో చదివే 19 ఏళ్ల అబ్బాయికి నాన్న పక్కన కూర్చోబెట్టుకుని ఒక బీరు ఇవ్వడం ఇండియాకు వెళ్లినప్పుడు ఇంట్లో ఎవరికీ పెద్ద విషయం అనిపించకపోవచ్చు. అమెరికా రేవు నుంచి బయల్దేరే ఓడలో అది మీ ప్రయాణాన్నే ఆపగలదు. మీ ప్యాకేజీ మీద తీసుకున్న గ్లాసు అతనికి అందించినా ఇంతే, ప్యాకేజీ రద్దు చేస్తారు, డబ్బు తిరిగి రాదు.

హెచ్1బీ గురించి భయపడకండి. వైన్ సీసా ఎక్కువ తేవడం, విస్కీ దాచడం కంపెనీ నియమం తప్పడం, అంతే. అది నేరం కాదు, సెక్యూరిటీవాళ్లు మీ సీసా తీసేసినందుకు ఇమిగ్రేషన్ ఫైలు తెరవరు. ఇమిగ్రేషన్ విషయంలో మీరు చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఈ ఓడలు ఆగే మెక్సికో దీవి కొజుమెల్ నుంచి తిరిగి రావడమంటే అమెరికాలోకి మళ్లీ ప్రవేశించడమే కాబట్టి పాస్‌పోర్ట్, వీసా స్టాంప్, ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పటి ప్రవేశ రికార్డు) ముందే సరిచూసుకోండి, సందేహం ఉంటే లాయర్‌ని అడగండి. ఇంకొకటి, మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. ఈ మధ్య కొందరు మందుతో పాటు గంజాయి కలిపిన గమ్మీ మిఠాయిలు కూడా సంచిలో వేసుకుంటున్నారు, మా రాష్ట్రంలో చట్టబద్ధమే కదా అని. అమెరికా ఫెడరల్ చట్టంలో అది నిషిద్ధమే, రేవుల్లో కస్టమ్స్ అధికారులు కుక్కలతో తనిఖీ చేస్తారు. పౌరసత్వం లేనివాళ్లకు ఆ ఒక్క గమ్మీ వల్ల వీసా, గ్రీన్ కార్డు రెండూ చిక్కుల్లో పడతాయి. విస్కీతో దాన్ని ఒకే గాట కట్టకండి.

ఇక నేను అన్నిటికన్నా ఎక్కువగా చెప్పాలనుకున్నది పిల్లల గురించి. క్రూజ్ గది ఎంత చిన్నదో మీరు ఎక్కాక చూస్తారు. ఒకే గదిలో నలుగురు, ఒకే చిన్న బల్ల, దాని మీద ఫోన్లు, టోపీలు, సన్‌స్క్రీన్, సీసాలు. పిల్లలు ఈత కొట్టి, స్లైడ్‌లు ఎక్కి, ఎండలో తిరిగి, దాహంతో పరుగెత్తుకొస్తారు. చేతికి అందిన నీళ్ల సీసా ఎత్తి గటగటా తాగుతారు. నాలుగు కుటుంబాలంటే ఏ పిల్లవాడు ఏ గదిలోకి దూరుతాడో చెప్పలేం, ఆ సీసాలో ఏముందో పక్క గది పిల్లలకు ఎవరూ చెప్పి ఉండరు. విస్కీ సీసా విస్కీ సీసాలా ఉంటే ఐదేళ్ల పిల్లకు కూడా అది నాన్నదని తెలుస్తుంది. దాన్ని మంచినీళ్లలా మార్చడమే ఈ ఉపాయం మొత్తం. సెక్యూరిటీ మోసపోవాలని చేసిన పని ముందు మోసం చేసేది పిల్లల్నే. చిన్నపిల్లల్లో ఆల్కహాల్ రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా పడగొట్టగలదు, ఫిట్స్ రావచ్చు, స్పృహ తప్పవచ్చు. పెద్దవాళ్లకు రెండు పెగ్గులు అనిపించేది పన్నెండు కిలోల పిల్లకు ప్రాణం మీదికి వస్తుంది. మీ బావగారికి నా తరఫున చెప్పాల్సింది ఈ ఒక్క మాటే అయినా చాలు.

గది శుభ్రం చేసే స్టీవార్డ్‌ను కూడా ఇందులోకి లాగకండి. ఐస్ అడగండి, గ్లాసులు అడగండి, సంతోషంగా తెస్తాడు. కానీ సీసా దాచిపెట్టమనో, సిబ్బంది బార్ నుంచి చౌకగా బీర్లు తెమ్మనో చేతిలో ఇరవై డాలర్లు పెట్టకండి. మీకు పోయేది ఒక సీసా, అతనికి పోయేది ఉద్యోగం. ఆ ఓడల్లో పనిచేసేవాళ్లలో మన విశాఖ, కాకినాడ పిల్లలు కూడా ఉంటారు. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండి సంపాదించుకునేవాళ్లు. బార్‌లో మీ బిల్లుకు కలిసే సర్వీస్ ఛార్జి మీద కూడా వాళ్ల సంపాదన ఆధారపడి ఉంటుంది.

లెక్కకు వద్దాం. మీ బావగారు అంత ఆశపడటానికి కారణం ఉంది, అది కొట్టిపారేయను. ఒక 750 మిల్లీలీటర్ల సీసాలో అమెరికా కొలత ప్రకారం 17 పెగ్గులు వస్తాయి. ఓడలో పెగ్గు 14 డాలర్లనుకుంటే, దాని మీద సర్వీస్ ఛార్జి 18 శాతం అనుకుని కలిపితే పదహారున్నర. అంటే దుకాణంలో ముప్పై డాలర్లకు కొన్న సీసా ఓడలో దాదాపు 280 డాలర్ల సరుకు. ఈ తేడా చూసి ఎవరికైనా మనసు లాగుతుంది.

కానీ ఐదు రాత్రులకు మీకు నిజంగా ఎంత కావాలి? మన గ్రూపుల్లో నేను చూసినంతవరకు నలుగురు మగవాళ్లలో ఒకరిద్దరు గట్టిగా తాగుతారు, మిగతావాళ్లు రాత్రి భోజనానికి ముందు రెండు పెగ్గులు, ఆడవాళ్లలో కొందరు ఒక గ్లాసు వైన్, కొందరు అసలు ముట్టరు. రోజుకు రెండు పెగ్గులు తాగే మనిషికి ఐదు రోజులకు పై లెక్కన 165 డాలర్లు అవుతుంది. అతనికి ప్యాకేజీ అక్కర్లేదు. ఇక్కడే చాలామంది పొరపాటున డబ్బు పోగొట్టుకుంటారు. ఈ రెండు కంపెనీల్లోనూ గదిలో ఒకరు మందు ప్యాకేజీ కొంటే అదే గదిలోని తాగే వయసున్న ప్రతి ఒక్కరూ కొనాలి. ప్యాకేజీ రోజుకు 80 డాలర్లనుకోండి, 18 శాతం కలిపి ఐదు రోజులకు ఒక్కరికి 472. భార్య మందు ముట్టకపోయినా ఆవిడ పేరున మరో 472. మొత్తం 944 డాలర్లు, 165తో పోయేదానికి! ధర మీ ఓడను బట్టి, తేదీని బట్టి మారుతుంది కానీ ఈ తేడా ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. రోజుకు ఐదారు గ్లాసులు తాగేవాళ్లకు తప్ప, అదీ ఇద్దరూ తాగితే తప్ప, ప్యాకేజీ గిట్టదు. భార్య తాగరు, భర్త బాగా తాగుతారు అన్నప్పుడు కంపెనీకి ఫోన్ చేసి అడగండి. ఆరోగ్య కారణాలు, మత కారణాలు చెప్తే ఆవిడకు మందు లేని జ్యూసుల ప్యాకేజీతో సరిపెట్టుకోనిచ్చిన సందర్భాలు ఉన్నాయి. వెబ్‌సైట్‌లో ఆ వీలు కనిపించదు, మనిషితో మాట్లాడాలి.

ఇప్పుడు వైన్. మీరు ఎనిమిది మంది పెద్దవాళ్లు, తలా ఒక సీసా, నియమం ప్రకారమే ఎనిమిది సీసాలు. సీసాకు ఐదు గ్లాసులు వేసుకున్నా నలభై గ్లాసులు. నలుగురైదుగురు తాగేవాళ్లకు ఐదు రాత్రులకు ఇది బాగానే వస్తుంది. సాయంత్రం ఎవరిదో ఒకరి బాల్కనీలో కూర్చుని గదిలోనే తాగితే కార్కేజ్ కూడా లేదు. విస్కీ అలవాటున్నవాళ్లకు వైన్ ఆనదని నాకు తెలుసు. వాళ్లు వైన్‌తో పాటు బార్‌లో రోజుకు ఒక పెగ్గు వేసుకుంటే సరి. కార్క్ తీసే స్క్రూ గదిలో ఉంటుందనుకోకండి, అడిగితే ఇస్తారు. మెలి తిప్పే మూత ఉన్న సీసా కొంటే అసలు బాధే లేదు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి, చేతి సంచిలో నిలువుగా పెట్టండి. స్కానర్ దగ్గర మీరే ముందు చెప్పండి.

ఇవి కాక చిన్న చిన్న వెసులుబాట్లు ఉంటాయి. ఐదారు బీర్లు ఐస్ బకెట్‌లో కలిపి కొంటే విడివిడిగా కొనేదానికన్నా తక్కువ పడుతుంది. కొన్ని కంపెనీలు ముందే ఆర్డర్ చేస్తే క్యాబిన్‌కే సీసా అమ్ముతాయి, ధర ఎక్కువే కానీ పెగ్గుల లెక్కన చూస్తే నయం. ఒకే కంపెనీలో చాలాసార్లు వెళ్లినవాళ్లకు రోజుకు కొన్ని గ్లాసులు ఉచితంగా ఇచ్చే సభ్యత్వాలు ఉంటాయి. రాయల్ కరీబియన్‌లో డైమండ్ స్థాయికి రోజుకు నాలుగు. మీ నాలుగు కుటుంబాల్లో ఎవరికైనా ఆ స్థాయి ఉందేమో చూడండి.

కొజుమెల్‌లో దిగినప్పుడు తాగడం ఓడలో కన్నా చాలా చౌక, అక్కడ ఎవరూ కాదనరు. టెకీలా సీసా కొని తెచ్చుకోవచ్చు కూడా. ఓడ ఎక్కేటప్పుడు మెట్ల దగ్గర తీసుకుని రసీదు ఇస్తారు, చివరి రాత్రో దిగే రోజు ఉదయమో తిరిగి ఇస్తారు. ఓడలోని డ్యూటీ ఫ్రీ దుకాణంలో కొన్నదీ అంతే, ప్రయాణం అయ్యేదాకా చేతికి రాదు. దాన్ని ఎవరూ తప్పుపట్టరు, సీసా భద్రంగా ఉంటుంది, కాబట్టి కొనేది ఇంటికి తెచ్చుకోవడానికే కొనండి.

ఇండియా నుంచి చదివేవాళ్లు కూడా ఉంటారు కాబట్టి రెండు ముక్కలు. హైదరాబాద్ నుంచి సింగపూర్ వెళ్లి అక్కడ క్రూజ్ ఎక్కే కుటుంబాలు శంషాబాద్ డ్యూటీ ఫ్రీలో రెండు సీసాలు కొని ఓడలో తాగుదామనుకుంటారు. టెర్మినల్‌లో అవి ఆగిపోతాయి. అందుకని వెళ్లేటప్పుడు కొనకండి, తిరిగి వచ్చేటప్పుడు కొనండి. ఇండియాలోకి మనిషికి రెండు లీటర్ల వరకు పన్ను లేదు. ఆసియా నుంచి నడిచే రాయల్ కరీబియన్ ఓడల్లో తాగే వయసు 18, అమెరికాలోలా 21 కాదు. ముంబై, చెన్నై, విశాఖ రేవుల నుంచి నడిచిన కార్డీలియా ఓడలోకి కూడా బయటి మందు తీసుకెళ్లనివ్వరు. లక్షద్వీప్ వెళ్లే ప్రయాణమైతే ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. అక్కడ బంగారం అనే పేరున్న దీవిలో తప్ప మద్యనిషేధం ఉంది. ఓడలో కొన్న బీరు డబ్బా సంచిలో పెట్టుకుని దీవిలో దిగితే అది కంపెనీ నియమం తప్పడం కాదు, చట్టం తప్పడం.

గాల్వెస్టన్‌కి తిరిగొచ్చే రోజు గురించి ఒకటి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా చిరాకుపడేది అక్కడే. అమెరికా కస్టమ్స్‌వాళ్లు 21 ఏళ్లు దాటిన మనిషికి ఒక లీటరు వరకు పన్ను లేకుండా వదులుతారు. కస్టమ్స్ కౌంటర్ దాటాక టెర్మినల్‌లోనే టెక్సాస్ ఆల్కహాలిక్ బెవరేజ్ కమిషన్ వాళ్ల కౌంటర్ ఉంటుంది. కస్టమ్స్ వదిలేసింది కదా అని అక్కడ కుదరదు, బయటి నుంచి తెచ్చే సీసాలకు రాష్ట్రం పన్ను విడిగా కట్టాలి. కట్టనంటే సీసా అక్కడే వదిలేయాలి, వాళ్లు దాన్ని పారబోస్తారు. పన్ను మరీ ఎక్కువేమీ ఉండదు. కానీ కొజుమెల్‌లో చౌకగా దొరికిందని మనిషికి మూడు సీసాలు కొనేముందు ఇది కూడా కలిపి లెక్క చూసుకోండి, సీసాలన్నీ ఒకే చేతి సంచిలో పైకి ఉండేలా పెట్టుకోండి. పిల్లలతో, సామానుతో ఆ లైన్‌లో నిలబడి సూట్‌కేసు అడుగు నుంచి సీసాలు తీయడం చాలా కష్టం.

మీ ఓడ పేరు, బయల్దేరే తేదీ, ఏ గదిలో ఎవరెవరు ఉంటారో ఇక్కడ రాయండి. ప్యాకేజీ ఎవరికి గిట్టుతుందో, ఎవరికి విడిగా కొనుక్కోవడం మేలో గదుల వారీగా లెక్క వేసి చెప్తాను. గదులు ఇంకా ఖాయం చేయకపోతే ఆగండి. బాగా తాగేవాళ్లిద్దరినీ కాగితం మీద ఒకే గదిలో వేసి, తాగనివాళ్లను పక్క గదిలో వేస్తే రెండు ప్యాకేజీల డబ్బు మిగిలే అవకాశం ఉంది. బుకింగ్ అయ్యాక ఆ మార్పు చేయడం కష్టం.